రెండో దెబ్బ

మా బావ ఏ ప్రశ్నయినా రెండుసార్లు అడుగుతాడు. "తిన్నావా?" అంటాడు. "తిన్నాను" అంటే వింటాడు, తలాడిస్తాడు, కాసేపాగి అదే గొంతుతో మళ్ళీ "తిన్నావా?" అంటాడు. కొత్తవాళ్ళు పాపం ఈయనకు చెవుడనుకుని గట్టిగా అరుస్తారు. చెవుడా, పాడా! ముప్ఫై ఒక్క ఏళ్ళు ఆ చెవులతోనే ఉద్యోగం చేశాడాయన.

సముద్రం పక్కన వెళ్ళే రోడ్డు మీద, నది వచ్చి ఉప్పునీళ్ళలో కలిసేచోట, నూట ముప్ఫై ఏళ్ళ నాటి ఇనప వంతెన ఒకటుంది. క్యాలెండర్ల మీదా బిస్కెట్ డబ్బాల మీదా దాని బొమ్మ మీరు చూసే ఉంటారు. వెల్డింగు ఎరగని రోజుల్లో కట్టింది కాబట్టి దాన్నంతా రివెట్లతోనే, గుండ్రటి తలలున్న ఇనప చీలలతోనే, బిగించారు. ఏటా వానలకు ముందు నాలుగు నెలలపాటు, చిన్న సుత్తి పట్టుకుని ఆ రివెట్లను ఒక్కొక్కటీ తట్టి వినడం మా బావ పని. ఆయనతోపాటు ఇంకో నలుగురుండేవాళ్ళు. గట్టిగా ఉన్న రివెట్టు ఖంగుమంటుంది. వదులైంది దబ్బుమని ఊరుకుంటుంది. దాని చుట్టూ ఎర్రరంగుతో సున్నా చుట్టి పుస్తకంలో రాసుకోవాలి. ప్రతిదాన్నీ రెండేసి సార్లు కొట్టాలట. మొదటి దెబ్బకి పలికేది పైనున్న తుప్పూ రంగూనట, రివెట్టు పలికేది రెండో దెబ్బకేనట. ఆ అలవాటు ఇనుము మీదినుంచి మనుషుల మీదికి పాకింది. భరించేవాళ్ళం మేం.

నాకు ఆయన మీద మొదటినుంచీ గుర్రు. పెళ్ళయిన ఏడాదినుంచీ, ఎండాకాలం వచ్చిందంటే అక్కను వదిలేసి వంతెన దగ్గరికి పోయేవాడు. అలాంటి ఒక ఎండాకాలంలో అక్కకు నెలలు నిండకుండానే నొప్పులొచ్చాయి. పాప పుట్టి రెండు రోజులుంది. ఆ రెండు రోజులూ ఆస్పత్రిలో అక్క పక్కన నేనే ఉన్నాను, పంతొమ్మిదేళ్ళదాన్ని. బావకు కబురు అంది, ఆయన వచ్చేసరికి మూడోరోజు మధ్యాహ్నమైంది. గుమ్మంలో నిలబడి "ఎలా ఉన్నావు?" అని అడిగాడు. "బాగానే ఉన్నాను" అంది అక్క. కాసేపాగి మళ్ళీ అడిగాడు. ఆ రెండోసారికి అక్క బావురుమంది. మూడురోజులు కంట తడి పెట్టని మనిషిని వచ్చీ రాగానే ఏడిపించాడని ఆయన్ని నేను క్షమించలేదు. ఆ తరవాత వాళ్ళకు పిల్లలు పుట్టలేదు.

మామూలుగా నేను బావని "నువ్వు" అంటాను. కోపం వస్తే "మీరు" అంటాను. ఈ పాతికేళ్ళలో "మీరు" అన్న రోజులే ఎక్కువ.

ఈ సంగతులన్నీ చెప్పింది పోయిన ఎండాకాలం కోసం. నేను స్కూలు వ్యాను నడుపుతాను. సెలవులిచ్చారు, వ్యాను షెడ్డులో ఖాళీగా ఉంది. అక్కకు రెండు నెలలుగా దగ్గు. "చల్లగాలి పడలేదే, అంతే" అని దాటేస్తోంది. ఒకరోజు మెట్లెక్కుతూ మధ్యలో కూర్చుండిపోతే, ఇక లాభం లేదని నేనే వ్యానులో ఎక్కించుకుని పెద్దాస్పత్రికి తీసుకెళ్ళాను. బావా వచ్చాడు.

డాక్టరమ్మ చిన్నవయసుది. అక్క వీపు మీద ఒక చెయ్యి ఆనించి, రెండో చేతివేలితో దానిమీద తట్టడం మొదలుపెట్టింది. పైనుంచి కిందికి, ఎడమవైపు, తరవాత కుడివైపు. ఎడమవైపు తట్టినచోటల్లా టంగ్ టంగ్‌మని ఏదో పలికింది. కుడివైపు సగం దాకా వచ్చాక ఆ పలకడం ఆగిపోయింది. నాకు వినపడింది గానీ తలకెక్కలేదు. తలుపు దగ్గర నిలబడ్డ బావ మాత్రం నిలబడ్డచోటే కూలబడ్డాడు.

"ఏమైందండీ?" అంది అక్క, జాకెట్టు సర్దుకుంటూ.

"కాళ్ళు లాగుతున్నాయి" అన్నాడు.

పేషెంటు ఈవిడా, ఈయనా అని నాకు ఒళ్ళు మండిపోయింది.

పరీక్షలన్నీ అయ్యాక, పదిరోజులకు, డాక్టరమ్మ నన్నూ బావనీ మాత్రమే లోపలికి పిలిచింది. ఊపిరితిత్తుల్లో మొదలై చాలాదూరం పాకిందని చెప్పింది. వానాకాలం చూస్తే గొప్పే అంది. ఆవిడ ఇంకా ఏవో చెబుతోంది, నేను ఆవిడ బల్లమీది నీళ్ళగ్లాసు మూతనే చూస్తూ కూర్చున్నాను. బయటికొచ్చాక బావని వరండా చివరిదాకా లాక్కెళ్ళాను.

"అక్కకి చెప్పడానికి వీల్లేదు. నీళ్ళు చేరాయట, మందులు వాడితే తగ్గుతుందట. అంతే. మీరూ అదే చెప్పండి" అన్నాను.

"నాకు అబద్ధం రాదు."

"రాకపోతే నేర్చుకోండి. తగ్గుతుందని ఒక్క ముక్క చెప్పడానికి చదువులు చదవాలా?"

"తను అడిగితే?"

"అడిగితే ఒకసారి చెప్పండి, చాలు. లోకంలో అందరూ మీలా రెండుసార్లు అడగరు."

బావ తలొంచుకున్నాడు. ముప్ఫై ఒక్క ఏళ్ళలో వదులైన రివెట్టు ఒక్కటి కూడా బాగుందని రాయని మనిషి చేత ఆరోజు నేను అబద్ధం ఒప్పించాను. పాపం అనిపించలేదు. అక్క నిద్రపోవాలి, తినాలి, నవ్వాలి. నాకు కావలసింది అదొక్కటే.

ఆ సాయంత్రం అక్క అడగనే అడిగింది. బావ కమలాపండు వలుస్తూ, తల ఎత్తకుండా, "తగ్గుతుందన్నారు" అన్నాడు. అక్క ఆయన్నే కాసేపు చూసింది. తరవాత తొన తీసుకుని నోట్లో వేసుకుంది. అమ్మయ్య, గండం గడిచింది అనుకున్నాను.

వారం తిరక్కుండానే అక్క కొత్తపాట అందుకుంది.

"ఒసే కందిరీగా, వ్యాను ఖాళీయేగా?" నా ముక్కుమీద కోపానికి చిన్నప్పుడే అది పెట్టిన పేరది.

"ఖాళీయే. ఏం?"

"నా సవతిని చూడాలే."

సవతంటే వంతెన. పెళ్ళయిన కొత్తలోనే దానికా పేరు పెట్టింది. ఏటా నాలుగు నెలలు మొగుణ్ణి ఉంచుకునేదాన్ని ఇంకేమంటారు అనేది. ఏటేటా తనను తీసుకెళ్ళమనడం, బావ "వచ్చే ఏడు" అనడం, ఆయన రిటైరైనా ఆ వచ్చే ఏడు రాకపోవడం, ఇదీ వరస.

"ఈ దగ్గుతో అంతదూరమా? వచ్చే ఏడు వెళ్దాంలే" అనేశాను. అన్నాక నాలుక కరుచుకున్నాను.

అక్క నవ్వింది. "నువ్వూ మొదలుపెట్టావుటే?"

రెండురోజుల తరవాత తెల్లవారుజామున బయల్దేరాం. పన్నెండు పిల్లసీట్ల వ్యాను. బావ మోకాళ్ళు గడ్డానికి తగులుతున్నాయి. అక్క నా పక్కసీట్లో రెండు దిండ్ల మధ్య కూర్చుని, అద్దానికి పిల్లలు అంటించిన ఏనుగుబొమ్మ తోకను గోటితో గీకుతోంది. ఊరు దాటి, ఉప్పుమళ్ళు దాటి, రోడ్డు ఒక్కసారి ఎడమకు తిరిగేసరికి సముద్రం కనబడింది. "అబ్బ!" అంది. గాలికి ఆయాసం వస్తుందని అద్దం ఎత్తబోతే నా చేతిమీద ఒక్కటి వేసింది.

దారిలో ఆగి ఉడికించిన గుడ్లూ బ్రెడ్డూ తిన్నాం.

"తిన్నావా?" అన్నాడు బావ వెనకసీట్లోంచి.

"తిన్నాను."

కొంతదూరం పోయాక, "తిన్నావా?"

"సగమే తిన్నానండీ. మిగతాది మీకు తెలీకుండా కాకులకు వేశాను" అంది అక్క. దానికి తినబుద్ధి కావడం లేదని నాకు అప్పటిదాకా తెలీదు. బ్రెడ్డు నేనే చేతికిచ్చాను, పక్కనే ఉన్నాను, ఖాళీ కాగితం చూసి సంతోషించాను కూడా. అయినా ఆ క్షణాన బావమీదే చిరాకు పడ్డాను.

సాయంత్రం నాలుగు గంటలకు చేరాం. బండ్లన్నీ ఇప్పుడు కొత్త సిమెంటు వంతెన మీదే పోతాయి. పాతదాని మీద నడిచేవాళ్ళను మాత్రమే వదులుతారు. జనం బాగానే ఉన్నారు. ఒక కొత్తజంట కడ్డీలకు ఆనుకుని ఫొటోలు తీయించుకుంటోంది. ఒకవైపు నది, ఇంకోవైపు సముద్రం, మధ్యలో ఎత్తుగా, బూడిదరంగులో, ఆ చివరెక్కడో సన్నబడిపోతూ వంతెన. క్యాలెండర్లో చూసినదానికంటే చాలా పెద్దది.

"అందంగానే ఉంది ముదనష్టపుది" అంది అక్క.

కాపలావాడు బావని గుర్తుపట్టి లేచి నిలబడ్డాడు. "అమ్మగారా సార్? మొదటిసారా?" అన్నాడు. బావ సిగ్గుపడ్డాడు. ఆయన సిగ్గుపడటం నేనెప్పుడూ చూడలేదు.

వ్యానులోంచి మడతస్టూలు తెచ్చాను. ముప్ఫై అడుగులు నడవడం, స్టూలు వెయ్యడం, అక్క కూర్చుని ఊపిరి కూడదీసుకోవడం, మళ్ళీ ముప్ఫై అడుగులు. అలా నాలుగుసార్లయ్యాక, కడ్డీల సందులోంచి కిందికి చూస్తూ అడిగింది.

"ఆ ఏడు, పాప పుట్టినప్పుడు, మీరెక్కడున్నారు?"

బావ చెయ్యి చాపాడు. "మూడో స్తంభం. దాని అడుగున."

అక్క చాలాసేపు చూసింది. "నీళ్ళు బాగా కింద ఉన్నాయే. భయం వేసేది కాదా?"

"వేసేది."

"ఎప్పుడూ చెప్పలేదే?"

"నువ్వు అడగలేదు" అన్నాడు. ఆ మాటలో నిష్ఠూరం లేదు. ఇన్నేళ్ళలో నేనూ అడగలేదు. ఆయన సరదాగా సముద్రపుగాలి తింటున్నాడనే అనుకున్నాను.

"సుత్తి తెచ్చారుగా?" అంది అక్క. "తీయండి. మీ సంచీ బరువు చూస్తేనే తెలిసింది."

బావ సంచీలోంచి గుడ్డమూట తీసి విప్పాడు. జానెడు పిడి, అరిగిపోయి నున్నగా ఉంది. వెంట వచ్చిన కాపలావాడు అటు తిరిగి నిలబడ్డాడు. పక్కనున్న నిలువుకమ్మీ మీది రివెట్టును అక్క చేత కొట్టించాడు బావ. ఖంగుమంది. రెండో దెబ్బకీ అంతే. అక్క చిన్నపిల్లలా ఇంకో రెండు కొట్టింది. ఆ కొత్తజంట కూడా ఇటు తిరిగి చూసి నవ్వింది.

"ఇప్పుడు చెడ్డది చూపించండి."

లేవని చెప్పెయ్యొచ్చుగా, ఎవరు చూడొచ్చారు? కానీ ఈయన చెప్పడు. కమ్మీ వెంబడి ఒంగి, ఒక్కొక్కటీ రెండేసి దెబ్బలు కొట్టుకుంటూ పోయాడు. ఇరవయ్యో ముప్ఫయ్యో అయ్యాక ఒకచోట ఆగి, అక్కను స్టూలుతో సహా దగ్గరికి తెమ్మన్నాడు. అక్క వేలు పట్టుకుని, సగం రివెట్టు తలమీద, సగం పక్కనున్న ఇనపరేకు మీద ఆనించాడు. ఇంకోవైపునుంచి కొట్టాడు.

దబ్.

"కదిలింది" అంది అక్క. "ఇంకోసారి."

దబ్.

అక్క వేలు తీసి చూసుకుంది. "ఇదే. ఆవేళ డాక్టరమ్మ నా వీపు మీద తట్టినప్పుడు ఇదే చప్పుడు."

"ఛ, అది వేరు అక్కా! ఇనుమెక్కడ, మనిషెక్కడ" అని గబగబా అడ్డం పడ్డాను.

"నువ్వు నోరు ముయ్యవే కందిరీగా. ఆయన్ని అడుగుతున్నాను." బావ వైపు తిరిగింది. "ఏమండీ, నాకు తగ్గుతుందా?"

బావ నావైపు చూశాడు. నేను గుడ్లురిమి చూశాను.

"తగ్గుతుంది" అన్నాడు.

అక్క తలాడించింది. ఎగిరే కొంగు లాగి ఒళ్ళో పెట్టుకుంది. కాసేపాగి, అదే గొంతుతో, మళ్ళీ అడిగింది.

"తగ్గుతుందా?"

బావ సుత్తిని గుడ్డలో పెట్టి చుట్టాడు. ముడి వెయ్యబోయాడు. పడలేదు. మళ్ళీ వేశాడు. ఆ ముడి వెయ్యడానికి ఆయనకు ఎంతసేపు పట్టిందో! ఫొటోలు తీసేవాడు ఆ జంటను "ఇటు చూడండి, నవ్వండి" అంటున్నాడు.

"సరే" అంది అక్క. "డాక్టరమ్మ తడుతున్నప్పుడే మీ మొహం చూశాన్లెండి. మీ నోటితో అనిపించుకోవాలని, అంతే."

ఇన్నిరోజులుగా మేం అక్కను కాపాడుతున్నాం అనుకున్నాను. మా ఇద్దరి అబద్ధాన్ని అదే కాపాడుతూ వచ్చింది. కడ్డీ పట్టుకుని సముద్రం వైపు తిరిగి ఏడ్చాను. అక్క పిలవలేదు, ఓదార్చలేదు. నా ఏడుపు నన్ను ఏడవనిచ్చి, బావతో మాట్లాడుతోంది.

"దీన్నిప్పుడేం చేస్తారు?"

"సున్నా చుట్టమని ఇప్పుడీ పని చేసేవాళ్ళకి చెప్తాను. వచ్చి తీసేస్తారు."

"తీసేస్తే వంతెనకి?"

"ఏం కాదు. దాని బరువు పక్కవి మోస్తాయి."

"పక్కవాటికి?"

బావ గుడ్డమూటను సంచీలో పెట్టాడు. "తీసినరోజు తట్టి చూస్తే అన్నీ ఖంగుమనే అంటాయి. దాన్ని నమ్మకూడదు. నెల తిరిగాక వచ్చి మళ్ళీ చూడాలి. బరువు తెలిసేది అప్పుడే."

"మరిచిపోరుగా?"

"ఎప్పుడూ మరిచిపోలేదు."

అక్క ఆయన్ని చూసి, తరవాత నన్ను చూసింది. అలిసిపోయిందేమో అనుకున్నాను. "పదండి, గాలి ఎక్కువైంది" అంది. వ్యాను దాకా బావ దాన్ని ఎత్తుకునే తీసుకొచ్చాడు. అది వద్దనలేదు.

ఆ తరవాత ఐదువారాలుంది. మా ఇంట్లో అబద్ధాలు లేని ఐదువారాలవి. ఏ చీర ఎవరికివ్వాలో చెప్పింది. బీరువా తాళం ఎక్కడ ఇరుక్కుంటుందో, దాన్ని ఎటు తిప్పాలో బావకు నేర్పింది. "నేనున్నప్పుడే పోట్లాడుకోండి, వింటాను, సరదాగా ఉంటుంది" అనేది మా ఇద్దరితో. తరవాత్తరవాత మాట్లాడే ఓపిక లేక, మా మాటలు వింటూ పడుకునేది.

స్కూళ్ళు తెరిచిన రెండోరోజు పొద్దున, పిల్లల్ని ఎక్కించుకుంటూ ఉండగా ఫోను మోగింది. బావ.

"రా" అన్నాడు.

రెండోసారి అనలేదు. ఆగి విన్నాను, అనలేదు. దాంతో నాకు అర్థమైపోయింది. వ్యానులో పదకొండుమంది పిల్లలున్నారు. ఒకడు టిఫిన్‌బాక్సు మూత రాలేదని గోల. వాడి మూత తీసిపెట్టి, అందర్నీ స్కూలు గేటు దగ్గర దించి, లోపలికి వెళ్ళేదాకా చూసి, అప్పుడు వెళ్ళాను.

చుట్టాలొచ్చారు, ఇరుగుపొరుగువాళ్ళొచ్చారు. నేనే అందరికీ టీలు పెట్టాను, కుర్చీలు వేశాను. "గట్టిమనిషి" అన్నారు నన్ను చూసి. నిజమే కాబోలు అనుకున్నాను. వారానికల్లా అందరూ వెళ్ళిపోయారు. ఇక మిగిలింది నేనూ, నా వ్యానూ, షెడ్డుమీద నేనుండే రెండు గదులూ. బావ ఇల్లు రెండు వీధుల అవతలే. వెళ్ళలేదు. వెళ్తే అక్క మంచం చూడాలి. పైగా ఏమని మాట్లాడాలి ఆయనతో? ఎప్పుడు మాట్లాడుకున్నా మధ్యలో అక్క ఉండేది.

వానలు పట్టుకున్నాయి. రోజూ వ్యాను కడుక్కోవడం, సీట్లు తుడుచుకోవడం. ఒక ఆదివారం మధ్యాహ్నం తలుపు చప్పుడైంది. రెండుసార్లు.

బావ. గొడుగు మడుస్తూ నిలబడ్డాడు. చేతిలో సంచీ లేదు. చొక్కా గుండీలు ఒకటి తప్పించి పెట్టుకున్నాడు.

"మీరా? రండి" అన్నాను.

వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. టీ పెట్టి గ్లాసు చేతికిచ్చాను. నేను నా గ్లాసు పట్టుకుని కిటికీ దగ్గర నిలబడ్డాను.

"ఎలా ఉన్నావు?" అన్నాడు.

"బాగానే ఉన్నాను. నాకేం?"

తలాడించాడు. టీ తాగాడు. బయట వాన రేకులమీద పడుతోంది. గోడకున్న క్యాలెండర్ వైపు నా చూపు ఊరికే పోయింది. అక్క పోయి నిన్నటికి నెల.

"ఎలా ఉన్నావు?" అన్నాడు బావ, అదే గొంతుతో.

చెప్పాను కదండీ, చెవుడా అని కసురుదామని నోరు తెరిచాను. ఆ మాట రాలేదు. ఏం వచ్చిందో నాకే తెలీదు. కింద కూర్చుండిపోయాను. మూడురోజులు ఏడవని అక్క ఆవేళ ఆస్పత్రిలో ఎందుకు ఏడ్చిందో, పాతికేళ్ళ తరవాత నా గదిలో, నేల మీద కూర్చుని తెలుసుకున్నాను. పొద్దున నిద్ర లేవబుద్ధి కావడం లేదని చెప్పాను. వ్యానులో పక్కసీట్లోని దిండ్లు ఇంకా తియ్యలేదని, పిల్లల్ని అక్కడ కూర్చోనివ్వడం లేదని చెప్పాను. బావ కుర్చీ దిగి నాకెదురుగా నేలమీద కూర్చుని, అన్నీ విన్నాడు.

చాలాసేపటికి కళ్ళు తుడుచుకుని ఆయన్ని సరిగ్గా చూశాను. చెంపలు లోపలికి పోయాయి. గడ్డం పెరిగింది.

"నువ్వెలా ఉన్నావు బావా?" అన్నాను.

"బాగానే ఉన్నాను" అన్నాడు.

తలాడించాను. చల్లారిన టీగ్లాసు పక్కన పెట్టి, కాసేపాగి, మళ్ళీ అడిగాను.